తెర వెనక నుంచి వచ్చిన వాక్యం

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గట్టిగా చెప్పే గొంతు నాకిప్పుడు లేదు. ఉన్న ఊపిరితోనే నిదానంగా చెబుతాను.

మాది పూతలపట్టు దాపున పల్లె. యుద్ధం జరుగుతున్న రోజులు. ఆ పొద్దు అందరం చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాము. మా వదిన ఏదో ఎగతాళి చేస్తే పగలబడి నవ్వాను. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నోట్లో ఉప్పగా తగిలింది. కొంగు చూసుకుంటే ఎర్రగా ఉంది.

"వక్కాకు ఏసుకున్నావా మే?" అంది మా అత్త. వేసుకోలేదని ఆమెకూ తెలుసు. నా ఒళ్లో ఉన్న రూతును మెల్లగా ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడప్పుడే నడక నేర్చిన బిడ్డ. మళ్లీ నా ఒళ్లోకి రావడానికి చాలా కాలం పట్టింది.

మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. దొరసాని డాక్టరమ్మ పుస్తకంలో మాదిరి తెలుగు మాట్లాడేది. "స్పుటమ్ పాజిటివ్, అనగా కఫములో క్షయ ఉన్నది. ఎడమ లంగ్‌లో క్యావిటీ, అనగా పుండు ఉన్నది. నీవు ఇక్కడనే ఉండవలెను."

"ఎన్నాళ్లుండాలమ్మా?" అన్నాడు నా పెనిమిటి.

"అది క్యావిటీని అడుగుము."

వార్డులో గట్టిగా మాట్లాడకూడదు. ఒకరి మీద ఒకరి ఊపిరి పడకుండా ముఖం పక్కకు తిప్పుకోవాలి. పొద్దున్నే బైబిలు స్త్రీ, పెట్రోలు కరువుతో బొగ్గుమీద నడిచే బస్సు దిగి వచ్చి, వాకిట్లో నిలబడి సువార్తలో ఒక భాగం చదివి, దానిమీద రెండు మాటలు చెప్పి పోయేది. చివరి మంచాలకు అది వినబడదు. అందుకని విన్నవాళ్లు పక్క మంచానికి గుసగుసగా అందించేవాళ్లు. వినేవాళ్లు వీపు తిప్పి పడుకోవాలి. అలా రోజూ వాక్యం నా వీపు వెనక నుంచే వచ్చేది.

నాకు అందించేది సుందరమ్మక్క. చిత్తూరులో రవికెలు కుట్టేది. నేను అందించేది కనకమ్మకు, తిరుచానూరులో పూలమ్మే మనిషి. "మీ దేవుడు ఈ పొద్దు ఏమన్నాడంట?" అని ఆమే ముందు అడిగేది.

సుందరమ్మక్క ఉన్నదున్నట్టు అందించేది కాదు, తన మాట ఒకటి కలిపేది. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి ప్రభువు ముందు దించిన భాగం వచ్చిన రోజున ఇలా అంది: "సూడు మే, ఆ మంచం మీద వాడు నమ్మినాడని యాడా లేదు. మోసినోళ్ల నమ్మకం సూసినాడంట."

ఏడాది కావస్తుంటే డాక్టరమ్మ నాకు ఏపీ అనే గాలిసూది పెట్టాలంది. "సూదితో గాలి పంపి లంగ్‌ను పండబెట్టెదము. అది పండుకొన్న యెడల పుండు మూసుకొనును."

ఆ మాట తెలిసి మా అత్త రూతును చంకనేసుకుని వచ్చింది. వరండాలోనే నిలబడింది. బిడ్డ నన్ను చూసి, "ఎవరవ్వా ఆమె?" అంది.

అత్త వినిపించుకోలేదు. "రొమ్ములో సూది దించుకుంటే ప్రభువును నమ్మనట్టే. సువార్తలో రక్తస్రావమామెకు ఎవురు సూది ఏసినారు? ప్రభువు కొంగు ముట్టింది, బాగైంది. సోమవారం బండి తోలిస్తా. ఇంటికొస్తే ఉపవాసముండి ప్రార్థన పెడదాం."

నేను నమ్మాలనే చూశాను. ఆవగింజంత నమ్మకమున్నా చాలని ప్రభువే అన్నాడు కదా. కళ్లు మూసుకుని లోపలంతా వెతికాను. "ఎవరవ్వా ఆమె" అన్న మాట తప్ప అక్కడ ఏమీ దొరకలేదు.

"ఏంది ఆలోచన?" అంది సుందరమ్మక్క గోడవైపు తిరిగి. "నాకు రెండు పక్కలా సెడిపోయిందంట, సూది ఏసేదానికి సోటు లేదు. నీకు సోటుండాది మే."

సోమవారం పొద్దున లేచేసరికి ఆమె మంచం చుట్టూ తెర కట్టి ఉంది. జ్వరం మగతలో అలవాటుగా వీపు తిప్పి పడుకున్నాను. వాక్యం వచ్చింది. ఆమె గొంతే, ఆమె ఎగశ్వాసే.

"పండుకో మే. మోసేవాళ్లు ఉండారు."

అదే మాట కనకమ్మకు అందించాను. ఆమె నవ్వింది. "పొద్దున్నే పండుకోమనే దేవుడా? మంచి దేవుడే!"

కాసేపటికి ఆయా వచ్చి తెర మడిచింది. మంచం ఖాళీగా ఉంది.

"సుందరమ్మక్క యాడ?"

"తెల్లారకముందే పోయిందమ్మా. ఎప్పుడో తీసకపోయినారు."

"మరి వాక్యం అందించిందే?"

"ఏం వాక్యం? బొగ్గుబస్సు సెడిపోయి బైబిలమ్మ రానేలేదు."

కనకమ్మ నా వైపు చూడలేదు. పూలు కట్టినట్టు వేళ్లు ఊరికే ఆడిస్తూ కూర్చుంది.

డాక్టరమ్మకు చెబితే, "ఫీవర్‌లో చెవి అట్లు వినును" అంది. పోబోతూ ఆగింది. "అయినను మంచి మాట."

రూతును ఎత్తుకుని అత్త, నా పెనిమిటి బండిలో వచ్చారు. నేను లేవలేదు. "అత్తా, నాకు నమ్మకం సాల్లేదు. నువ్వు నమ్ము. నేను సూది ఏసుకుంటా" అన్నాను.

నన్ను మంచంతోనే సూది గదికి మోయాలి. నౌకర్లు ఇద్దరు, నా పెనిమిటి మూడు మూలలు పట్టుకున్నారు. నాలుగో మనిషి కోసం కేకేస్తుంటే అత్త రూతును ఆయా చేతికిచ్చి, కొంగు దోపుకుని వచ్చింది. "జరుగు నాయనా, మేం బరువులు మోయనోళ్లమా?" అని తలవైపు పట్టుకుంది.

సూది ఒక్కసారితో అయిపోలేదు. లోపలి గాలి తగ్గినప్పుడల్లా రిఫిల్ అని మళ్లీ మళ్లీ వేశారు. మధ్యలో ఒకసారి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి జ్వరం తిరగబెట్టింది. చివరికి "స్పుటమ్ నెగెటివ్" అని డాక్టరమ్మ చెప్పిన పొద్దు కనకమ్మ నాకు పూలు పంపింది.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. రూతు బడికి పోతోంది. జడ వేయించుకోవడానికి నా ముందు వీపు తిప్పి కూర్చుంటుంది. కానీ తెల్లారుజామున గోడవైపు తిరిగి పడుకుంటే వీపు వెనక ఇప్పటికీ ఎగశ్వాస వినిపిస్తుంది. మాట రాదు. తిరిగి చూడను. చూస్తే అది కూడా ఆగిపోతుందేమోనని భయం.

మీకు చెప్పేది ఒక్కటే. దగ్గులో ఎరుపు కనిపిస్తే, నమ్మకం పెద్దదయ్యేదాకా ఇంట్లో కూర్చోకండి. ఉన్నంత నమ్మకంతోనే ఆసుపత్రికి పొండి, చాలదంటే పక్కవాళ్లను పట్టుకోమనండి.

నాకు అందింది మీకు అందించాను. మీ ఇంట్లో ఎవరు మంచాన పడినా, నాలుగు మూలలకూ నాలుగు చేతులు దొరుకుగాక. మీ బిడ్డలు మీ ముఖం మరవకుందురుగాక.