రోము గోడకు సున్నం

తెనాలిలో అయిదూ ఇరవైకి రావలసిన పాసింజరు ఆరూ పదికి వచ్చింది. ఆ యాభై నిమిషాల్లో ప్లాట్‌ఫారం దోమలు నా నుంచి వసూలు చేసిన రక్తంతో ఒక మోస్తరు ఆస్పత్రి ఏడాదిపాటు నడిచేది.

ఈ ప్రయాణానికి కారణం మా అక్కయ్య భర్త. నూజివీడులో సోషల్ మాస్టారు. ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోట బంగళా ఆవరణలో రోమను వర్తకులు కాపురం ఉన్నారని పన్నెండేళ్లుగా ఆయన నమ్మకం. అక్కడ మొక్కలకు గోతులు తీస్తుంటే ఒక జాడీ పిడి, జానెడు ఇటుక గోడ అంచు బయటపడ్డాయి. ఊరు నవ్వింది. హెడ్మాస్టరుతో సహా అందరూ ఆయన్ను ‘రోము మాస్టారు’ అన్నారు. ఆయన పెట్టుకున్న అర్జీలు వరసగా పరిస్తే రోముదాకా కాళ్లకు మట్టి అంటకుండా నడిచి వెళ్లొచ్చు. చివరికి హైదరాబాదు నుంచి పురావస్తు ఆఫీసరొకరు వచ్చి చూస్తామని జవాబిచ్చారు. బావ రిటైరయ్యేది వచ్చే నెలలోనే. ‘ఇక్కడ వాళ్లు ఉన్నారు’ అని ఆ ఆఫీసరు ఒక్క ముక్క రాస్తే ఆయనకు పింఛను కూడా అక్కర్లేదు.

బెజవాడ బస్‌స్టాండులో ఆఫీసరును వెంటబెట్టుకుని బావ నా కోసం కాచుకుని ఉన్నారు. ఆఫీసరు సన్నటి మనిషి. గుడ్డసంచిలో తాపీ, రెండు బ్రష్షులు, టేపు. ఇడ్లీ తిన్నాం. దాన్ని మేము తిన్నామో, మా పళ్లను అది తిన్నదో ఇప్పటికీ తేలలేదు. ఎనిమిదింబావుకి నూజివీడు బస్సు. ఆగిరిపల్లికి టిక్కెట్టు మూడు రూపాయలు. నిలబడ్డవాళ్ల మీద నిలబడ్డవాళ్లు ఉన్నారు.

బస్సులో ఆఫీసరు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, గోడను ఎవరూ కదపలేదు కదా అని.

“చీపురు కూడా తగలనివ్వలేదండి. పైన తాటాకు కప్పించాను” అన్నారు బావ.

ఆఫీసరు తృప్తిగా తలూపారు. ఏ పెంకు ఏ మట్టిపొరలో ఉందో చూస్తేనే అది ఎవరిదో, ఏనాటిదో చెప్పగలమనీ, పెంకు ఒక్కటే ఏమీ చెప్పదనీ నాకు వివరించారు. పక్కనున్న విస్సన్నపేట మామిడి వ్యాపారి అంతా విని, “రోము రకం నేనెప్పుడూ వినలేదే. పీచుంటుందాండీ?” అన్నాడు. బావ పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వడం మా అక్కయ్య పెళ్లి తరవాత అదే చూడడం.

తొమ్మిదీ నలభైకి ఆగిరిపల్లిలో దిగేసరికి బంగళా యజమాని భుజంగరావు గారు పంపిన ఎడ్లబండి సిద్ధంగా ఉంది. తోటలోకి తిరిగాక బాట కొత్తగా బాగుచేసి ఉంది. గుంతలన్నీ ఎర్రటి పెంకులతో పూడ్చారు. చక్రాల కింద కరకరమంటున్నాయి. ఢిల్లీలో కూడా ఇంత మంచి బాట ఉండదని నేను మెచ్చుకుంటున్నాను. ఆఫీసరు బండి ఆపమని దిగారు. గుంతలోంచి ఒక పెంకు తీసి, బ్రష్షుతో తుడిచి, బావ చేతిలో పెట్టారు.

అది జాడీ పిడి ముక్క. బావ బండి దిగారు, మిగతా దారంతా మళ్లీ ఎక్కలేదు. ఇంచుమించు పరుగెత్తారు.

బంగళా ముందు షామియానా వేసి ఉంది. తాటాకు లేదు. గోడను నాలుగు పక్కలా మనిషి లోతున తవ్వించి, పీచుతో తోమి, సున్నం వేసి, కింద ఎర్రటి జాజు పట్టీ కొట్టారు. పెళ్లివారింటి అరుగు కూడా అంత కళగా ఉండదు. చాపల మీద ఎండుగడ్డి పరిచి పెంకులు పేర్చారు. చింతపండుతో తోమారేమో, తళతళలాడుతున్నాయి. తోటలో కాయలు గ్రేడు చేసే మంగమ్మ అనే ఆవిడ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“కాయలేరినట్టే ఏరామండీ. పెద్దవి ఓ గుట్ట, నడిపివి ఓ గుట్ట, చిన్నవి ఓ గుట్ట. చితికిపోయినవి బాటలో పోశాం.”

పదిహేనుమంది రెండు రోజులు చేసిన పని. ఇంత శ్రద్ధగా నాశనం చేయడం శత్రువుల వల్ల కాదు.

ఎవరు తవ్వమన్నారని బావ అడిగారు. భుజంగరావు గారు మంచి మనిషి, నొచ్చుకున్నారు. జేబులోంచి ఒక ఇన్‌లాండు కవరు తీశారు.

“మీ బావమరిది గారు రాసిందే కదండీ మాస్టారూ. వచ్చే ఆఫీసరు గారు నేల మీదకి వంగే మనిషి కారు, అరగంటకి మించి ఉండరు అన్నారు. అందుకే అన్నీ పైకి తీయించాను.”

రాసింది నేనే. బావకు మేలు చేద్దామని రాశాను. ఆ ఆఫీసరు వాకిట్లో ఢిల్లీయే కాచుకుని ఉంటుందని కూడా రాశాను. ఆ ఆఫీసరు అప్పటికే గోతిలో మోకాళ్ల మీద కూర్చుని సున్నం లేని చోటు ఎక్కడైనా మిగిలిందేమో వెతుకుతున్నారు. సాయంత్రందాకా వెతికారు.

బావ ఉత్తరం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. చిన్నవాటి గుట్టలోంచి ఒక మట్టి ప్రమిద తీసి, ఇదెక్కడిదమ్మా అని మంగమ్మను అడిగారు.

“గోడ మూలనండీ, బూడిద కింద. దాని పక్కనే పొడుగు జాడీ పడుకుని ఉంది.”

ఆవిడకు ప్రతి పెంకూ గుర్తుంది. బావ ఆశగా ఆఫీసరు వైపు చూశారు.

“ఆవిడ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు మాస్టారూ. కానీ నేను చూడని మట్టి గురించి రిపోర్టు రాయలేనండి” అన్నారాయన. కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం అరిటాకుల్లో పద్దెనిమిది రకాలు వడ్డించారు. రసాలు బుట్టలతో వచ్చాయి. నేను తప్ప ఎవరూ తినలేదు. నేను తినడం కూడా భుజంగరావు గారి మొహం చూడలేక.

అయిదింటికి ఆగిరిపల్లిలో బెజవాడ బస్సు దొరికింది. ఆఫీసరు ఎక్కారు. బావ మమ్మల్ని ఎక్కించడానికే వచ్చారు. రేపటి నుంచి మంగమ్మ విస్సన్నపేట తోటల్లో పనికి పోతుందిట. ఈలోగా బావ రాత్రికి తోటలోనే ఉండి, ఏ పెంకు ఎక్కడ దొరికిందో ఆవిడ చెప్పిందంతా రాసుకుంటారట. అది ఎక్కడా చెల్లదని ఆయనకూ తెలుసు.

“నేనూ ఉంటాను బావా. మీరు చెబుతుంటే రాసిపెడతాను” అన్నాను.

“వద్దు. నువ్వు రాయకు” అన్నారు.

తెనాలి చేరేసరికి తొమ్మిదిన్నర. చూడదలచినవాళ్లకు బస్సు వేళలు పైన చెప్పాను. బాట బాగుంది, గోడ రెండు మైళ్ల నుంచి కనబడుతుంది. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో నా రాతలు చదివి నవ్వినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఒక్క అక్షరం కూడా వదలకుండా నమ్మింది భుజంగరావు గారు ఒక్కరే.