రిమోటు జేబులో ఉండగానే తిరిగిన మోటరు

మాది గద్వాల జిల్లా గట్టు మండలం దగ్గరి ఊరు. విత్తన పత్తి వేస్తాం. ఈమధ్య బోరు మోటరుకు రేడియో రిమోటు పెట్టించాను. దాన్ని జేబులోనే దాచి నొక్కుతూ, మోటరు నా మంత్రానికి తిరుగుతోందని కూలీలకు కోతలు కోశాను.

ఒక పొద్దున కూలి ఆడవాళ్లు విత్తనం కట్టేందుకు పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దుతుండగా, నేను నొక్కకుండానే మోటరు తిరిగింది. ఆపితే మళ్లీ తిరిగింది. నా ముఖం చూసి వాళ్లలో బాలమ్మ పని ఆపి చేను గట్టు మీదికెక్కింది.

"అన్నా, నీ మంత్రం నీకే తిరగబడ్డది. దయ్యమున్న చేన్ల మేం చెయ్యం."

మంత్రం ఉత్తదేనన్నా నమ్మలేదు. ఎండెక్కేలోపు పుప్పొడి అద్దకపోతే ఆ రోజు పూలన్నీ దండగే.

రిమోటు బిగించిన రజితకు ఫోన్ చేస్తే గద్వాల నుంచి బండి మీద వచ్చింది. నా రిమోటు బ్యాటరీ తీసి, అరచేతిలో పట్టేంత రేడియో పరికరం ఆన్ చేసింది. అయినా దాని తెరపై మా రిమోటు ఛానెల్ మీద సిగ్నల్ గీతలు లేస్తున్నాయి.

"అన్నా, ఈ ఛానెల్‌ల ఇంకెవరో ఉన్నరు."

గీతలు పెరిగే వైపు నడిస్తే, పక్క చేనులో మా బామ్మర్ది తిమ్మప్ప కొత్త రిమోటు నొక్కుతూ కనిపించాడు.

"పొద్దుగాల నుంచి నొక్కుతున్న బావా. నా మోటరు తిరుగుతనే లేదు."

"నాది తిరుగుతుంది, ఇగ ఆపు," అన్నాను.

దుకాణంలో అతని రిమోటుకు మా ఛానెలే పెట్టి ఇచ్చారట. రజిత దాన్ని మార్చి బాలమ్మ ముందే నొక్కించింది. నా మోటరు ఉలకలేదు. అప్పుడు బాలమ్మ వాళ్లు మళ్లీ చేన్లోకి దిగారు. ఎండెక్కకముందే పూలన్నిటికీ పుప్పొడి అందింది.

ఇప్పుడు నేనేం గొప్ప చెప్పబోయినా బాలమ్మది ఒకటే మాట: "ముందు బ్యాటరీ తీసి చెప్పన్నా."