అన్నదమ్ముల నంబర్లు

ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఆ తరవాత ఇంటర్నెట్ సెంటర్లలో వైర్లు లాగుతూ కంప్యూటర్ల పని నేర్చుకున్నాను. ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటి ఏడాది, శంషాబాద్ రోడ్డు మీద టాక్సీల ఆఫీసు పెట్టిన ముగ్గురు అన్నదమ్ములు తమ కంప్యూటర్లన్నీ కలపమని నన్ను పిలిచారు.

కలపాలంటే ఒక్కోదానికి ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఇంటి నంబరు లాంటిదే, ఒకే నంబరు రెండింటికిస్తే తగాదా. ఈ మాట చెప్పగానే పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇంటికి పెద్దోణ్ని. ఒకటో నంబరు నాకియ్యి."

"ఒకటి ఆ డబ్బాకు పోయిందన్నా. నెట్ అండ్లకెల్లే వస్తది," అని రౌటర్ చూపించాను.

"గింతంత డబ్బా నాకంటె పెద్దదా?"

"జర బంద్ చేసి చూడన్నా. ఎవరు పెద్దో తెలుస్తది."

తమ్ముళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. చివరికి పంపకం తేల్చాను. పది నుంచి పెద్దాయనవి, ఇరవై నుంచి నడిపాయనవి, ముప్పై నుంచి చిన్నాయనవి. మధ్యలో ఖాళీలెందుకని అడిగితే, రేపు కొత్తవి కొన్నా ఎవరి వరుస వారికి ఉంటుందన్నాను. అది ఆయనకు నచ్చింది. ఎయిర్‌పోర్టు కింద పొలం పోయాక ముగ్గురినీ ఒకచోట నిలిపింది ఆ ఆఫీసే. వేరు పడకూడదని ఆయన పట్టుదల. రోజూ పొద్దున ముగ్గురి బుకింగులూ తన కంప్యూటర్లోనే చూసి, ఏ కారు ఎక్కడికి పోవాలో తనే చెప్పేవాడు.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నడిపాయన నన్ను ఆరాంఘర్ దగ్గరి చాయ్ హోటల్‌కు రమ్మన్నాడు.

"నా బుకింగులు మా అన్నకు కనబడొద్దు. గట్ల చెయ్యి."

"మధ్యల గోడ కట్టుమంటవా? మేస్త్రీని పిలువు, నేనెందుకే?"

"నవ్వులాట బంద్ పెట్టు. మంచి బేరాలన్ని చిన్నోని కార్లకే ఇస్తుండు. నాకు పిల్లలు లేరా?"

"అన్నకు చెప్పినవా?"

"చెప్పిన. ఇనలే."

మరునాడు పెద్దాయన చూస్తుండగానే వేరే రౌటర్ బిగించి, నడిపాయన కంప్యూటర్లకు వేరే నంబర్లు పెట్టాను. బల్లలు పక్కపక్కనే ఉన్నాయి, కంప్యూటర్లు మాత్రం ఒకదానికొకటి కనబడవు. పెద్దాయన తన తెర మీద తమ్ముడి ఫోల్డర్ నొక్కాడు. మళ్లీ నొక్కి నా వైపు తిరిగాడు.

"తమ్మీ, ఖరాబయిందా?"

"లేదన్నా. అన్ని మంచిగనే ఉన్నయి."

మంచిగా ఉన్నాయన్న మాట అంత చెడ్డగా వినబడటం నాకదే మొదటిసారి.

దసరా దాటాక నడిపాయన తన కంప్యూటర్లు, కార్లు తీసుకుని బుద్వేల్‌కు మారాడు. ఆ బల్లల మీద పెట్టడానికి పెద్దాయన రెండు కొత్త కంప్యూటర్లు కొన్నాడు. ఖాళీగా పడి ఉన్నాయి కదా అని ఇరవై నుంచి నంబర్లు ఇవ్వబోయాను.

"అవి ఇయ్యకు," అన్నాడు.

"అండ్ల ఎవరున్నరన్నా?"

"ఎవరు లేరు. వాడు మల్లొస్తే?"

"వచ్చినప్పుడు మారుస్త. ఎంతసేపు?"

"వచ్చినంక మార్చుడేంది? వాడు వచ్చేసరికే ఉండాలె."

కొత్తవాటిని నలభై నుంచి మొదలుపెట్టాను. ఆఫీసు మూతపడేదాకా ఇరవైలు ఎవరికీ ఇవ్వలేదు.