గడ్డి కూరిన టైరు

మొన్న నంద్యాలలో మనవరాలి సైకిలుకు గాలి కొట్టిద్దామని పోతే, షాపతను ట్యూబు విప్పి నీళ్ల బేసినులో ముంచాడు. బుడబుడమని బుడగలు లేచాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏందవ్వా, పంచరుకే ఏడుస్తాండావ్?" అని నవ్వాడు. అతనికేం తెలుసు!

డెబ్బైల చివరి మాట. మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా ఆయన బడిపంతులు. ఆయనకు సైకిలంటే పెళ్లాంకన్నా ముద్దు. ఆదివారం చర్చికి బయల్దేరేటప్పుడు నా జడ ఆలస్యమైతే విసుక్కునేవారు గానీ, దాని చైనుకు నూనె వేయడానికి మాత్రం బోలెడు తీరిక. ఒకనాడు తొలి బస్సుకు నంద్యాల నుంచి మనిషి వచ్చాడు. రాత్రి మా అమ్మ పోయిందట, సాయంత్రానికి సమాధి చేస్తారట. ఆ కబురు చెప్పి, అవతలి ఊళ్లలో చుట్టాలకూ చెప్పాలని అతను అటే సాగిపోయాడు. మళ్లీ నంద్యాలకు బస్సు మధ్యాహ్నం గానీ లేదు, అదీ వస్తే వచ్చినట్టు. "దాన్ని నమ్ముకుంటే మీయమ్మ ముఖం దక్కదు, ఎక్కు" అన్నారాయన. క్యారియరు మీద కూర్చుని దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను.

శిరివెళ్ల దాటాక వెనక టైరు టప్పుమంది. ట్యూబు జానెడు చీలింది, అతుకు నిలిచే చీలిక కాదు. గడ్డిబండి తోలుకొస్తున్న ముసలి సాయిబు ఒకాయన బండి ఆపాడు. "ట్యూబు పీకి పారేయప్పా. గడ్డి తడిపి, పేని, టైర్లో కూరు. నంద్యాలదంకా పోతాది" అని ఇంత గడ్డి దించి పోయాడు. కాలవలో తడిపి, తాళ్లలా పేని, ఇద్దరం కూరుతూ కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం బస్సు వచ్చింది. రోడ్డు మధ్యకు పరుగెత్తి చెయ్యెత్తాను. తలుపు దగ్గర కూడా జనం వేలాడుతున్నారు. నన్ను తప్పించుకుని, మా మొహాన దుమ్ము కొట్టి పోయింది.

గడ్డి టైరు మీద ఎగిరెగిరి పడుతూ సమాధుల తోట చేరేసరికి పొద్దు వాలింది. గుంట పూడ్చేశారు. మా అన్న నన్ను చూసి చేతిలో పార వదిలేశాడు. "బస్సు కాడికి నేనే వచ్చినా గదమ్మా! అందరూ దిగిరి, నువ్వు దిగలా. అంతదంకా నీకోసమే పెట్టె తెరిచి పెట్టింటిమి. ఇంక రావనుకొని మూసేస్తిమి" అని గుండెలు బాదుకున్నాడు.

పచ్చి మట్టి మీద పడి ఏడ్చాను. బస్సు మీద కోపం, అన్న మీద కోపం, కాసేపు దేవుడి మీద కూడా. మా ఆయన మీద మాత్రం రాలేదు. ఆయనేమో గడ్డికి కోసుకుపోయిన వేళ్లను చూసుకుంటూ "బస్సుకే ఆగుంటే చూసుండేదానివి" అన్నారు. తాను పోయేదాకా ఆ మాట అంటూనే వచ్చారు. "ఊరుకోండి, నాకోసమే గదా తొక్కింది" అని నేనూ అంటూనే వచ్చాను. అమ్మ బతికిన వయసును నేనెప్పుడో దాటేశాను. ఇన్నేళ్లయినా, ఆమెను చూడటానికి పోతూ ఇంకా దారిలోనే ఉన్నట్టుంటుంది నాకు.