వంపు దగ్గర పచ్చజెండా

నా చిన్నప్పుడు మా ఇంటి గోడలు రోజంతా వణుకుతూనే ఉండేవి. రాయపూర్‌లో రైలు పట్టాల పక్క సందులో మా తాతయ్య కట్టుకున్న రెండు గదుల ఇల్లు అది. బొగ్గు బండి వెళ్తే అలమరలో గ్లాసులు గలగలలాడేవి, ఖాళీ బండి వెళ్తే ఇంకా గోల. మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాలు నిద్రపట్టక లేచి కూర్చునేవారు. మాకు మాత్రం కాసేపు బండి రాకపోతే ఏదో వెలితిగా ఉండేది. తాతయ్య గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం కోసం విజయనగరం వైపు నుంచి వచ్చి, ఈ ఊరి మనిషై ఇక్కడే ఉండిపోయాడు.

కొత్తగా ఏర్పడిన రాష్ట్రానికి రాయపూర్ రాజధాని అయిన కొత్తలో మా అమ్మ నన్ను ఆ ఇంట్లో వదిలి కువైట్ వెళ్ళింది. అమ్మ నర్సు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు, ఇక్కడి ఆసుపత్రుల్లో ఇచ్చేది ఇంటికి చాలదు, అందుకని వెళ్ళింది. అవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి తెలిసిందల్లా అమ్మ వెళ్ళిపోయిందనీ, ప్రతి ఆదివారం సాయంత్రం పక్కింటి ఆంటీవాళ్ళ ఫోనుకి మాట్లాడతానని మాటిచ్చిందనీ.

ఎంత ఒంటరిదాన్నో చెప్పమంటే రెండు మాటల్లో చెప్తాను. బడిలో హిందీ పిల్లలకి నేను మద్రాసీని. సందులో తెలుగు పిల్లలకి చర్చివాళ్ళ పిల్లని. నిజం చెప్పొద్దూ, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆటలోకి పిలవడం మరిచిపోయేవారు, అంతే. వినాయక చవితికి పక్క వీధి తెలుగువాళ్ళందరూ పందిరి దగ్గర చేరితే నేను మా గేటు పట్టుకుని నిలబడి పాటలు వినేదాన్ని. క్రిస్మస్‌కి మా గుమ్మానికి నక్షత్రం కడితే దాన్ని చూసేవాళ్ళు తాతయ్య, అమ్మమ్మ, నేను, ముగ్గురమే. మా చర్చి ఎక్కడో దూరాన, ఆటోలో వెళ్ళాలి. అక్కడ అంతా హిందీ. పాటలకి పెదాలు కదిపేదాన్ని గానీ గొంతు కలిసేది కాదు.

మా తాతయ్యకి కథల పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. గూడ్సు బండిలో గార్డు ఉండేది అన్నిటికంటే చివర, ఇనప డబ్బాలాంటి ఒక పెట్టెలో. ఫ్యాను లేదు, దీపం లేదు, మాట్లాడే మనిషి లేడు. బండిని ఏ అడవి స్టేషన్లోనో పక్క లైన్లో నిలబెడితే గంటలకొద్దీ అలా పడి ఉండాలి. తోచక, పిచ్చెక్కకుండా ఉండడానికి కథలు అల్లుకునేవాడట. రెక్కల ఏనుగులు, మాట్లాడే సొరంగాలు, నీళ్ళ కింద రాజ్యాలు. సాయంత్రం గుమ్మం ముందు మంచం వాల్చుకుని అవన్నీ నాకు చెప్పేవాడు.

మా అమ్మమ్మకి అది ససేమిరా గిట్టేది కాదు. బియ్యం ఏరుతూ చాట పక్కన పెట్టేసి మరీ లేచేది.

"ఏటండీ ఇది? పసిగుంటకి రాకాసి కథలు సెప్తారేటి? బైబిల్లో కథలు కరువా? సైతాను బుద్ధులు అంటుకుంటే ఎవరిది పూచీ?"

"అరే, నువ్వు బియ్యం చూసుకోవే. మన దానియేలుగారు సింహాల గుహలో పడితే వినొచ్చు గానీ, నా ఏనుగుకి రెక్కలుంటే తప్పొచ్చిందా?" అనేవాడు తాతయ్య. అమ్మమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయేది. పోయి, కిటికీ పక్కనే కూర్చునేది.

ఆ ఎండాకాలం తాతయ్య ఒక పెద్ద కథ మొదలుపెట్టాడు. పొగమంచు దేశం కథ. అక్కడ మంచు రాకాసి సూర్యుణ్ణి మింగేసింది. కొండల అవతల ఊళ్ళలో పంటల్లేక జనం ఆకలితో అల్లాడుతున్నారు. రాజుగారు ధాన్యం బండి పంపుతానంటే గార్డుగా వెళ్ళడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. చివరికి నా అంత పిల్ల ఒకతి వస్తానంది. బండి నడిపేది రాజుగారి కొడుకేనని చెప్పారు గానీ ఆ పిల్ల అతణ్ణి చూడనే లేదు. మంచులో వెనక పెట్టె ఎక్కింది, బండి కదిలింది. ముందు నుంచి అప్పుడప్పుడూ కూత వినిపిస్తుంది, అంతే. పిల్ల మాత్రం గార్డు ధర్మం ప్రకారం కాసేపటికోసారి బయటికి వంగి పచ్చజెండా ఊపుతుంది. ఆ మంచులో దాని చెయ్యి దానికే కనబడదు.

రాకాసికి ఆ బండిని ముట్టుకునే శక్తి లేదు. ఆపగలిగేది ఆ పిల్ల ఒక్కతే. గార్డు చేతిలో బ్రేకు ఉంటుంది. నడపలేడు గానీ ఆపగలడు. అందుకని రాకాసి రోజుకో గొంతుతో దాని చెవిలో చెప్తుంది. "ముందు ఎవరూ లేరే పిచ్చిదానా. బ్రేకు లాగు. దిగిపో."

కథ అలా సాగుతుండగానే అమ్మ ఫోను రావడం మానేసింది. మొదటి ఆదివారం లైను కలవలేదేమో అన్నారు. తర్వాతి ఆదివారం పక్కింటి ఆంటీ తనే గోడ దగ్గరికొచ్చి, "నహీ ఆయా బేటా," రాలేదమ్మా, అని నా బుగ్గ తట్టింది. ఆ పైవారం నేను ఆ గోడ దగ్గరికే వెళ్ళలేదు. అమ్మమ్మ, తాతయ్య గుసగుసగా మాట్లాడుకుని నన్ను చూసి ఆపేసేవారు. అమ్మ నన్ను మరిచిపోయిందని నాకు ఖాయమైపోయింది.

మా ఇంట్లో దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థన ఉండేది. చిన్నవాళ్ళతో మొదలుపెట్టడం పద్ధతి. ముందు నేను, తర్వాత అమ్మమ్మ, ఆఖర్న తాతయ్య. నేను రోజూ "అమ్మని చల్లగా చూడు ప్రభువా" అని మొదలుపెట్టేదాన్ని. ఆ వారం నా వంతు వచ్చినప్పుడు నోరు తెరవలేదు. అమ్మమ్మ కళ్ళు మూసుకునే ఉండి, "కానీయే," అంది. నేను చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాను. ఎవరితో చెప్పాలి? వినేవాడుంటే ఫోను రాదా? మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అమ్మమ్మ కళ్ళు తుడుచుకోవడం చూశాను గానీ, చాప పుల్లలు వదల్లేదు.

అప్పుడే ఒక సాయంత్రం కథలో కూత ఆగిపోయింది. బండి నడుస్తూనే ఉంది, ముందు నుంచి చప్పుడు మాత్రం లేదు. రాకాసి వచ్చి, "విన్నావా? నీ డ్రైవరు చచ్చిపోయాడు. ఇప్పటికైనా బ్రేకు లాగు," అంది. తాతయ్య అక్కడ ఆపి, "నువ్వైతే ఏం చేస్తావే?" అని అడిగాడు.

"లాగేస్తాను," అన్నాను. "ముందు ఎవరూ లేరు."

తాతయ్య మొహం పాలిపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. కిటికీ వెనక అమ్మమ్మ చాట కింద పెట్టిన చప్పుడైంది. ఆ రోజు కథ అంతటితో సరి.

మర్నాడు ఎండ తగ్గగానే, "చలో, చెప్పులేసుకో," అన్నాడు. గేటు దాటి, పట్టాలకి దూరంగా ఉన్న కాలిబాట మీద చాలాసేపు నడిపించాడు. పట్టాలు ఒకచోట పెద్ద వంపు తిరుగుతాయి. ఆ వంపు లోపలి వైపు, కంచె ఇవతల ఒక సిమెంటు దిమ్మ మీద నన్ను కూర్చోబెట్టాడు. పొట్లంలోంచి వేయించిన సెనగలు తీసి చేతిలో పోశాడు. కాసేపటికి బొగ్గు బండి వచ్చింది. ఇంజను మమ్మల్ని దాటిపోయింది, పెట్టెలు, పెట్టెలు, ఇంకా పెట్టెలు. చివరి పెట్టె వంపులోకి తిరిగేసరికి తాతయ్య నా భుజం పట్టుకుని, "అటు చూడు," అన్నాడు. గార్డు బయటికి వంగి పచ్చజెండా చాపాడు. "ఇప్పుడు ఇటు." ఎక్కడో ముందు, ఇంజను కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అందులోనూ పచ్చజెండా. రెండూ ఒకేసారి ఊగాయి.

"దాన్ని ఆల్‌రైట్ అంటారే, ఇక్కడ అంతా సరిగ్గానే ఉందని. లైను తిన్నగా ఉన్నంతసేపూ గార్డుకి డ్రైవరు కనబడడు. వంపు రావాలి."

నేను తల ఊపాను. అంత వరకు నాకూ అర్థమైంది. అప్పుడు తాతయ్య అన్న మాట మాత్రం నేను ఎదురుచూడనిది.

"అసలు సంగతి అది కాదే. డ్రైవరుకీ గార్డు కనబడడు కదా? వాడూ వెనక్కి తిరిగి తిరిగి చూస్తాడు. మధ్యలో పెట్టెలు తెగిపోయాయేమో, వెనక మనిషి ఉన్నాడో లేడో అని వాడికీ గుండె దడే. నీ జెండా కోసం వాడు ఎదురుచూస్తాడు."

ఇంటికి తిరిగొస్తూ కథ పూర్తి చేశాడు. ఆ పిల్ల బ్రేకు లాగలేదట. భయంతో ఏడుస్తూనే, ఎవరికీ కనబడని జెండాని ఊపుతూనే ఉందట. కూత ఎందుకు ఆగిందంటే, రాకాసి ముందు పట్టాలు విరగ్గొట్టింది. రాజుగారి కొడుకు దిగి, విరిగినచోట తన చేతులు పెట్టాడు. బండి మొత్తం ఆ చేతుల మీదుగా దాటింది. ఆ పిల్ల ఉన్న చివరి పెట్టె కూడా. అప్పుడు అతను మళ్ళీ ఇంజనెక్కాడు. తెల్లారి వంపు వచ్చింది, మంచు విడిపోయింది, ఇంజనులోంచి ఒక చెయ్యి పచ్చజెండా ఊపింది. ఆ అరచేతిలో గాయం ఉంది.

నేను నడక ఆపేశాను. "తాతయ్యా, ఆ డ్రైవరు యేసుప్రభువా?"

"నాకేం తెలుసే? నేను గార్డుని. ఎప్పుడూ వెనక పెట్టెలోనే కదా," అన్నాడు. అని, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

గుమ్మంలోనే అమ్మమ్మ ఎదురొచ్చింది. మా మొహాలు చూసి, ఉండబట్టలేక, "ఇంతకీ ఆ గుంట బ్రేకు లాగిందేటి?" అని అడిగేసింది. లాగలేదని చెప్పాను. "అదీ!" అంది, తనే ఆ బండిలోంచి దిగివచ్చినట్టు. ఆ తర్వాత కథల మీద ఒక్క మాట అంటే ఒట్టు.

ఆ సాయంత్రం ప్రార్థనలో నా వంతు వచ్చింది. ఏమనాలో తోచలేదు. అమ్మ గురించి అడగడానికి ఇంకా ధైర్యం రాలేదు, కోపమూ పూర్తిగా పోలేదు. కుడి చెయ్యి పైకెత్తి, "ఆల్‌రైట్," అన్నాను. అమ్మమ్మ కళ్ళు తెరిచి, "ఏటే అది?" అంది. తాతయ్య మాత్రం కళ్ళు మూసుకునే, "ఆమేన్," అన్నాడు.

ఆ మర్నాడే ఫోను వచ్చిందని చెప్తే కథ బాగుంటుంది గానీ, రాలేదు. వానలు పడ్డాక వచ్చింది. ఆదివారం కూడా కాదు. పక్కింటి ఆంటీ గోడ మీంచి, "గుడియా, జల్దీ! మమ్మీ కా ఫోన్!" అని అరిస్తే చెప్పుల్లేకుండా బురదలో పరిగెత్తాను. అమ్మని ఎవరింట్లోనో ముసలావిడని చూసుకునే పనికి మార్చారట, అక్కడ ఫోనుకి తాళమట. అదంతా తర్వాత అమ్మమ్మకి చెప్పింది. నాతో ముందు అన్నది ఒక్కటే.

"నన్ను మరిచిపోయావేమో అనుకున్నానే అమ్మలూ. రోజూ అదే భయం."

ఇన్నాళ్ళూ నేను ఏ మాట నములుతూ కూర్చున్నానో, సముద్రం అవతల అమ్మ కూడా అదే నములుతోంది. తాతయ్య చెప్పింది నాకు నిజంగా ఎక్కింది అప్పుడే. రిసీవరు రెండు చేతులా పట్టుకుని, "నేను ఉన్నానమ్మా," అన్నాను. ఇంకేం చెప్పానో గుర్తులేదు.

అమ్మ తిరిగొచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. మళ్ళీ ఒకరికొకరం అలవాటు కావడానికి చాలాకాలమే పట్టింది. ఇప్పుడు తాతయ్య లేడు, అమ్మమ్మ లేదు, పోయిన ఏడాది అమ్మా వెళ్ళిపోయింది. నేను ఈ ఊళ్ళోనే, పట్టాలకి దూరంగా, మోవాలో ఒక అపార్ట్‌మెంటులో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఇక్కడికి బండ్ల చప్పుడు రాదు, గ్లాసులు కదలవు. ఆదివారం చర్చిలో పిల్లలకి పొగమంచు దేశం కథ చెప్తుంటాను. పిల్లలకి రాకాసులు అవసరమా ఆంటీ అని ఒకరిద్దరు తల్లులు అడిగారు. కిటికీ పక్కన కూర్చుని వినమన్నాను.

సాయంత్రం ప్రార్థన మాత్రం మానలేదు. చిన్నా పెద్దా అన్ని వంతులూ ఇప్పుడు నావే. కొన్నాళ్ళు అడగడానికి చాలా ఉంటుంది, కొన్నాళ్ళు ఒక్క మాటా రాదు. మాట రాని రోజున, ఖాళీ గదిలో, కుడి చెయ్యి పైకెత్తుతాను. అటువైపు నుంచి నాకేమీ కనబడదు. కానీ వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నవాడికి నేను ఉన్నానని తెలియాలి కదా.