ఫ్రిజ్జులో ఐసు పోసిన సత్యవతమ్మ

గిలకలదిండి సత్యవతమ్మ సగం జీవితం నెత్తిన చేపల గంపతోనే గడిచిపోయింది. గుడివాడ దాకా వెళ్లినా, గంప ఖాళీ అవగానే సాయంత్రం బస్సుకి పరుగే. పొరుగూళ్లో ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోయి ఎరగదు. అందుకే మోకాళ్లు మొరాయించి గంప దించగానే ఒక పాత వ్యాను కొని, అందులో మంచం, గ్యాసు పొయ్యి, కుళాయి, చిన్న ఫ్రిజ్జు పెట్టించింది. ఇల్లు వెంటబెట్టుకుని గుడివాడ మీదుగా హంసలదీవి దాకా తిరిగి రావాలని ఆమె పంతం.

మొగుడు చిన్నబాబుకి ఇది మింగుడుపడలేదు. బోటు దిగాక చేపల ఆటో నడిపిన మనిషి గనక స్టీరింగు పట్టాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. దారిలో ఏ ఒక్కటి పాడైనా బండిని గుడివాడలో పాత బండ్లు కొనే గోవర్ధనరావుకి అమ్మేయాలి. ఆయనకి దాని మీద ఎప్పటినుంచో కన్ను. సత్యవతమ్మ సరేనని చేతిలో చెయ్యేసింది.

ఆ చేత్తోనే కొంప ముంచుకుంది. బయల్దేరేముందు హార్బరులో పండుగప్ప చేపలు కొని, బోటులో సర్దినట్టే ఫ్రిజ్జులో సర్దింది. ఒక వరస ఐసు, ఒక వరస చేప, పైన మళ్లీ ఐసు. ఐసు కప్పని చేపని ఆమె పుట్టి బుద్ధెరిగి నమ్మలేదు మరి! గుడివాడ చేరేసరికి కరిగిన నీళ్లు వైర్లలోకి దిగి ఫ్రిజ్జు టప్పుమని ఆగిపోయింది.

"ఫ్రిజ్జులో ఐసు పోయటమేంటమ్మా!" కబురంది బండి దగ్గరికొచ్చిన గోవర్ధనరావు పగలబడి నవ్వి, తాళాల కోసం చెయ్యి చాపాడు.

సత్యవతమ్మకి ముందు సిగ్గేసింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి ఒళ్లు మండిపోయింది.

"తప్పు నాదేనండీ. నా తప్పుకి బండినెందుకు అమ్మాలి? సముద్రంలో ఎన్నిసార్లు ఇంజను ఆగలేదు? ఆగినప్పుడల్లా బోటు అమ్ముకుని వచ్చాడా మా మావ?"

"మాటిచ్చావు కదే," చిన్నబాబు గొణిగాడు.

"ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటన్నాను. హంసలదీవి చూశాక అమ్ముతావో ఉంచుతావో నీ ఇష్టం, మావా."

చచ్చిన ఫ్రిజ్జుని మొగుడి చేతే వెల్లకిలా పడుకోబెట్టించింది. తలుపు ఇప్పుడు పైకి తెరుచుకుంటుంది, అచ్చం ఐసు పెట్టెలాగే. ఐసు ఫ్యాక్టరీ నుంచి కొత్త ఐసు తెప్పించి నింపి, పైన తడి గోనె కప్పింది. చిన్నబాబు బండి తీశాడు.

అవనిగడ్డలో కుళాయి మోటారు చెడిపోయింది. ఆమె బిందె కొంది. కోడూరు దాటాక గతుకులకి గ్యాసు పొయ్యి ఊడిపడి రెండు ముక్కలైంది. చిన్నబాబు ఆ ముక్కలు ఏరి మంచం కిందకి తోశాడు.

హంసలదీవిలో బండి పక్కన ఇటుకలు పేర్చి, సరుగుడు పుల్లలతో మంట పెట్టింది. చేప మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా, తాజాగా ఉంది. పులుసు కుతకుత ఉడుకుతోంది. నది సముద్రంలో కలిసే వైపు చూస్తూ సత్యవతమ్మ చీకటి పడుతున్నా కదల్లేదు. ఈ రోజు బస్సు అందుకోవాల్సిన పని లేదు.

అప్పుడే చిన్నబాబు ఫోను మోగింది. గోవర్ధనరావు.

"ఇంకేమైనా పాడైందా బాబూ?"

చిన్నబాబు పెళ్లాం వంక చూశాడు. ఆమె తిరిగి చూడలేదు, బతిమాలనూ లేదు.

"అన్నీ పాడైపోయినియ్యండీ," అన్నాడు. "బండి మాత్రం అమ్మం."