న్యూట్రల్‌లో వదిలిన బండి

బుజ్జీ, పిలిచినా పలకవని తెలుసు నాన్నా. అయినా పొద్దున్నే లేవగానే నోటికి ఆ పేరే వస్తుంది.

ఇది చదివే అందరికీ వందనాలండి. మా అబ్బాయి చనిపోయాడు. కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు మీద, మిట్టమధ్యాహ్నం, వాడు నడిపే బండే వాణ్ణి తీసుకుపోయింది. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. తల నా ఒళ్ళోనే ఉంది. ముప్పై ఏళ్ళు నిండలేదు.

ఊళ్ళో ఒక మాట తిరుగుతుంది. "అందరికీ గేరు వెయ్యమని చెప్పేవాడు, తనే వెయ్యకుండా దిగాడంట" అని. మా చుట్టాలు ఇంకో మాట అంటున్నారు. "ముఠా మేస్త్రే చంపేశాడు" అని. రెండూ నా చెవిన పడ్డాయి. ఆ పూట అక్కడ ఉన్నది నేను. జ్ఞాపకార్థ కూడికకి పంచే పుస్తకంలో అబ్బాయి గురించి నాలుగు ముక్కలు రాయమని పాస్టరు గారు అడిగితే, వేరే వాళ్ళని రాయనివ్వలేదు. నేను అయిదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

వాళ్ళ నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. మొదట తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బండి తోలాడు. తర్వాత చేపల వ్యాను. చేపలు మోసీ మోసీ వాడికి చేప తినబుద్ధయ్యేది కాదు. కొల్లేటి పక్కన పుట్టి గుడ్డు పులుసు అడిగేవాడు. "నీకోసం కోళ్ళు కూడా చెరువులో పెంచాలిరా" అని తిట్టేదాన్ని.

మాది పల్లం. మాకు వాలు అంటే చెరువు గట్టూ, కాలువ వంతెనా, అంతే. ఒకసారి చింతలపూడి వైపు పామాయిల్ గెలల కిరాయి తగిలితే నన్నూ ఎక్కించుకెళ్ళాడు. అక్కడ రోడ్లు పైకీ కిందకీ ఉంటాయి కదండీ. దిగుడులో టీ కోసం ఆపాడు. ఆపి ఎంతకీ దిగడు. హ్యాండ్ బ్రేకు లాగాడు, రివర్సు గేరు వేశాడు, చక్రాలు గట్టు వైపు తిప్పాడు, అప్పుడు దిగి టైరు ముందు రాయి పెట్టాడు. పెట్టిన రాయిని మడమతో ఒక్క తన్ను తన్ని చూశాడు.

"టీ తాగడానికి ఇంత తతంగమా?" అన్నాను.

"హ్యాండ్ బ్రేకు తీగ మీద ఉంటదమ్మా. తీగ సాగుద్ది. గేరైతే పళ్ళతో కరిచి పట్టుకుంటది" అన్నాడు.

"మరి వెనక్కెళ్ళే గేరు ఎందుకు వేశావు?"

"మూతి కిందకుంటే రివర్సు, పైకుంటే ఫస్టు. బండి ఎటు జారాలని చూస్తదో దానికి ఎదురు గేరు వెయ్యాలి."

"చక్రాలు?"

"అన్నీ తప్పి జారినా మట్టిలోకి పోవాలి. మనుషుల్లోకి పోకూడదు."

ఇల్లు చేరేదాకా అదే పాఠం. కునుకు తీస్తే లేపి మరీ అడిగాడు, "మూతి పైకుంటే ఏ గేరమ్మా?" అని.

ఇప్పుడు మా చెరువుల దగ్గర పద్ధతి చెప్పాలి. పట్టుబడి రోజు, అంటే చెరువులో చేపలు పట్టే రోజు, గట్టు మీద నుంచి కాటా దగ్గరికి దిగే వాలులో వ్యాన్లన్నీ వరసగా ఆగుతాయి. డ్రైవర్లు బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, తాళం దానికే వదిలేసి పోతారు. కొందరు తింటారు, కొందరు పడుకుంటారు. ముందు బండి నిండి వెళ్ళిపోగానే చేపలు పట్టి మోసే ముఠా వాళ్ళలో ఎవరో ఒకరు ఎక్కి బ్రేకు వదిలి, ఇంజను వెయ్యకుండానే ఒక్కో బండినీ ఒక్కో చోటు కిందకి జారుస్తారు. డీజిలు కలిసొస్తది, డ్రైవర్ని లేపే పని లేదు. ఎన్నో ఏళ్ళుగా అందరూ అలాగే.

మావాడు ఒక్కడే ఒప్పుకునేవాడు కాదు. ఇంజను ఆగితే బ్రేకు గట్టిపడిపోద్దనీ, తొక్కినా దిగదనీ చెప్పేవాడు. తన బండి తనే దించుకునేవాడు. మేస్త్రి నన్ను అక్కా అంటాడు, వీణ్ణి అల్లుడూ అంటాడు.

"ఏం అల్లుడూ, పెళ్ళాన్ని కూడా ఇలాగే కాపలా కాస్తావా ఏంటి?"

"పెళ్ళాం అయితే అరిచి చెప్పుద్ది మావయ్యా. ఇది చెప్పకుండా పోద్ది."

అందరూ నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. రాయి మాత్రం పెట్టేవాడు.

ఆ రోజు తెల్లారకముందే వెళ్ళాడు. రెండు ట్రిప్పులు తిరిగి, మూడోసారి ఐసు దిమ్మలు నింపుకొచ్చి వరసలో ఆగాడు. పొద్దుటి నుంచీ ఒక్క టీ మీదే ఉన్నాడని తెలిసి నేను క్యారేజీ తీసుకెళ్ళాను. కళ్ళు లోపలికి పోయాయి. గట్టు నీడన కూర్చుని పళ్ళెంలో అన్నం పెట్టాను. వాడు స్టీరింగు వదలడు.

"ముందు బండి కదులుద్దమ్మా. దించేసి వస్తా."

మేస్త్రి కింద నుంచి అరిచాడు. "న్యూట్రల్‌లో పెట్టి దిగవయ్యా, నేను జారుస్తాలే. అమ్మని ఎండలో కూర్చోబెడతావేంటి?"

వాడు నా వైపు చూశాడండి. అప్పుడు నేనన్న మాట ఇది. "ఒక్క పూటకి ఏం కాదులే నాన్నా. పెట్టి రా. నాలుగు ముద్దలు తినిపో."

నా మాట విన్నాడు. న్యూట్రల్ చేశాడు. అయినా టైరు ముందు రాయి పెట్టే వచ్చాడు.

మూడు ముద్దలు తిన్నాడో లేదో, ముందు బండి వెళ్ళింది. మేస్త్రి వచ్చి రాయి తీసి, బండిని జార్చి, హ్యాండ్ బ్రేకు లాగి, ట్రేలు మోయడానికి పరిగెత్తాడు. రాయి పైనే ఉండిపోయింది. ఐసు బరువుకి బ్రేకు ఆగలేదు. బండి మెల్లగా, చప్పుడు లేకుండా కదిలింది. కింద కాటా దగ్గర చేపలు ఏరే ఆడవాళ్ళు ఇటు వీపు పెట్టి కూర్చున్నారు.

పళ్ళెం నా ఒళ్ళోకి విసిరి పరిగెత్తాడు. తలుపు తీసే వ్యవధి లేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని తన వైపే లాగాడు. మట్టి గట్టు ఆ పక్కే ఉంది. బండి మట్టిలోకే పోయింది. మధ్యలో మావాడున్నాడు.

ఆడవాళ్ళలో ఒక్కరికీ గీత పడలేదు.

పోలీసులు వచ్చినప్పుడు మా మరిది నా చెవిలో "మేస్త్రి పేరు చెప్పు వదినా" అన్నాడు. చెప్పాను. బ్రేకు వేశాడని చెప్పాను, రాయి మళ్ళీ పెట్టలేదని చెప్పాను. దిగమన్నది నేను కూడా అని చెప్పాను. మరిది అప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు.

సమాధి అయిన నాలుగో రోజు మేస్త్రి వచ్చి మా గుమ్మం బయట కూర్చున్నాడు. గడ్డం పెరిగిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఇరవై ఏళ్ళు అలాగే దించాం అక్కా. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"ఏమీ కాలేదనే కదా తమ్ముడూ, అలాగే దించారు."

ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు అతని మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. రాత్రి పడుకుంటే ఉంటుంది, తెల్లారి నా మీదకి తిరుగుతుంది. కానీ అతను మా వాణ్ణి చంపలేదండి. నేనూ చంపలేదు. ఒక్క పూటకి ఏం కాదులే అనుకున్నాం, ఇద్దరం. మావాడు ఆ మాట ఎప్పుడూ అనలేదు. వాణ్ణి అజాగ్రత్త మనిషి అనకండి. నేను బతికుండగా అనకండి.

ఇప్పుడు ఆ గట్టు మీద ఎవరి బండి వాళ్ళే దించుకుంటున్నారని విన్నాను. ఎన్నాళ్ళు అలా చేస్తారో తెలియదు. పట్టుబడి ముమ్మరంగా ఉంటే మళ్ళీ ఎవరో ఒకరు అరుస్తారు, న్యూట్రల్‌లో పెట్టి దిగవయ్యా అని. డ్రైవరు బాబులూ, దిగకండి. ఆకలేస్తే వరసలోంచి బండి తప్పించి, గేరు వేసి, రాయి పెట్టి, అప్పుడు తినండి. మీ వంతు పోతే పోనివ్వండి.

కూడిక ఆదివారం ఆరాధన అయ్యాక. మేస్త్రి నిన్న మళ్ళీ వచ్చి, ఆ రోజు వడ్డన తను చేస్తానని అడిగాడు. లోపలికెళ్ళి పొయ్యి సర్ది వచ్చాను. తర్వాత సరే అన్నాను. అన్నం బేసిను పట్టుకుని మీ ముందుకు వచ్చేది అతనే. మా మరిదికీ, మా చుట్టాలందరికీ ఇక్కడే చెబుతున్నాను. అతన్ని చూసి ఎవరూ విస్తరి ముందు నుంచి లేవొద్దు. మొహం తిప్పుకోవొద్దు. గుడ్డు పులుసు నేనే వండుతున్నాను. అడిగి మళ్ళీ పెట్టించుకుని, కడుపునిండా తిని వెళ్ళండి.